రోజలీ రాసిన నాలుగు మనవులు

చర్చి వంటగది తాళంచెవి సోమవారం పొద్దుట నుంచి లోర్నా బల్ల మీదే పడి ఉంది. దాన్నక్కడ పెట్టి వెళ్లింది జానెల్ వాస్లర్. పద్నాలుగేళ్లుగా బుధవారం భోజనాలకు మాంసం, బీన్స్ వేసి చిల్లీ కూర వండి, దాల్చినచెక్క రోల్స్ కాల్చి పెడుతున్న మనిషి, ఇక ఈ గడప తొక్కనని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది.

అంతకు రెండు రోజుల ముందు, శనివారం నాడు, రాష్ట్ర శాసనసభకు పోటీ చేస్తున్న వారెన్ స్ట్రాట్‌మన్ తరఫున ఇంటింటికీ తిరుగుతున్న ఒక కాలేజీ పిల్ల వాస్లర్ల తలుపు తట్టింది. చేతిలోని ట్యాబ్ చూసుకుని, ఎంతో దయగా, "మీ కోడీ కోసం మేమంతా ప్రార్థన చేస్తున్నామండీ. డీ-అడిక్షన్ సెంటర్లో ఉన్న ప్రతి బిడ్డ తరఫునా స్ట్రాట్‌మన్ గారు పోరాడతారు" అంది. జానెల్ వెనకాలే ఆమె భర్త డ్వేన్ నిలబడి ఉన్నాడు. కొడుకు వయోమింగ్‌లో గాలిమరల పని చేస్తున్నాడనే అతను అప్పటిదాకా అనుకుంటున్నాడు. కోడీ మళ్లీ మత్తుమందులో పడ్డాడని జానెల్ ఒక్క చోటే చెప్పుకుంది. చర్చి వాళ్ల ప్రార్థన యాప్‌లో, 'ప్రార్థన బృందానికి మాత్రమే' అని గుర్తు పెట్టి మరీ రాసింది. ఆ యాప్‌లోకి వచ్చే ప్రతి మనవినీ మొదట చదివేది లోర్నా టీడ్‌మన్. పందొమ్మిదేళ్లుగా చర్చి ఆఫీసు నడుపుతున్న లోర్నాయే తన గుట్టు బజారుకెక్కించిందని జానెల్ నమ్మకం.

లోర్నా ఎవరికీ చెప్పలేదు. అది తనకు తెలుసు, దేవుడికి తెలుసు. జానెల్‌కు తెలియజెప్పే దారి మాత్రం రెండు రోజులుగా ఆమెకు తోచలేదు.

బుధవారం పొద్దున్న, ఆఫీసు తలుపు తీసి కాఫీ పెట్టుకుంటుంటే, ఒక చిన్న ప్రశ్న మనసులో మెదిలింది. ఈ మనవులు తను చదువుతుంది, పాస్టర్ వెస్ చదువుతారు, ప్రార్థన బృందంలోని ఆరుగురు చదువుతారు. ఇంకెవరైనా చదవగలరా?

మూడేళ్లలో ఆమె ఎన్నడూ ఆ యాప్ లోపలి అమరికలు తెరిచి చూడలేదు. దాని అవసరమూ పడలేదు. యాప్ రాకముందు ఈ పని ఫోన్ల మీద జరిగేది. లోర్నా ఒకరికి ఫోన్ చేస్తే వాళ్లు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి. ఆరో ఇంటికి చేరేసరికి ఎడ్నాకు పిత్తాశయంలో రాయి కాస్తా కేన్సర్ అయ్యేది, ఏడో ఇంటివాళ్లు అంత్యక్రియలకు కేకు చేయాలా అని అడిగేవాళ్లు. అందుకే చర్చి పెద్దలు యాప్ తెచ్చారు. ఇందులో మాట మారదన్నారు. నిజమే, మారలేదు. జానెల్ రాసింది రాసినట్టుగా ఆమె గుమ్మం దాకా వెళ్లింది.

'చూడడానికి అనుమతి ఉన్నవారు' అన్న చోట లోర్నా నొక్కింది. తొమ్మిది పేర్లున్నాయి. ఎనిమిది ఆమెకు తెలిసినవే. తొమ్మిదోది మార్చి నెలలో చేరింది.

'జి. ఆస్ట్రాండర్ - సమాజ సేవ.'

ఆమె కాఫీ అలాగే వదిలేసి కోటు తొడుక్కుంది.

గేలెన్ ఆస్ట్రాండర్ సంఘ పెద్దల్లో ఒకడు. లోర్నా అక్క రోజలీ భర్త. రోజలీ పోయి ఏడాదిన్నర. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక లోర్నా అతని ఇంట్లోనే భోజనం చేస్తుంది. అక్క ఉన్నప్పటి అలవాటును వాళ్లిద్దరూ మానలేదు.

రాత్రి వాన కురిసి మొక్కజొన్న కోతలు ఆగిపోయాయి. గేలెన్ షెడ్డులో కోత మిషన్ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. బూట్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి.

"పొద్దున్నే ఇటొచ్చావేంటి? సాయంత్రం చిల్లీకి బీన్స్ కావాలా?" అన్నాడు కింద నుంచే.

"చిల్లీ లేదు ఇవాళ. జానెల్ మానేసింది. బయటికి రా గేలెన్."

ఆ గొంతు విని అతను బయటికి పాకాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు.

"మన ప్రార్థన యాప్‌లో నీ పేరు ఎందుకుంది?"

గేలెన్ పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అబద్ధమాడే అలవాటు అతనికి లేదు. "పాస్టర్‌ని అడిగే పెట్టించుకున్నా. సంఘంలో ఎవరికి ఏం బాధలున్నాయో తెలిస్తే సాయం చేయొచ్చని."

"ఎవరు సాయం చేస్తారు? స్ట్రాట్‌మనా?"

"ఆయన కూడా. ఏం, చేయకూడదా?"

స్ట్రాట్‌మన్‌కు ఈ కౌంటీలో ప్రచారమంతా చూసేది గేలెనే అని ఊళ్లో అందరికీ తెలుసు. అతని పికప్ బండి వెనక ఆ బోర్డులే ఉంటాయి.

"లోర్నా, ముందు నేను చెప్పేది విను. నేను అడిగింది లెక్క మాత్రమే. ఎన్ని ఇళ్లలో మత్తుమందు బాధ ఉంది, ఎన్ని కాపురాలు తెగిపోయేలా ఉన్నాయి, ఎంతమంది పొలం పోగొట్టుకునే స్థితిలో ఉన్నారు. ఆ యాప్ వాళ్ల దగ్గర మిషన్ ఉంది, రాసిన మాటలు చదివి దేనికది వేరు చేసి పెడుతుంది. అది తీసి ప్రచారం వాళ్లకిచ్చా. ఏ రోడ్డు మీద ఏ కష్టం ఎక్కువుందో తెలుసుకుని వెళ్తారని. పేర్లు పోతాయని నాకు తెలీదు."

"శనివారం తెలిసిందిగా."

గేలెన్ గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ పిల్ల తిరిగొచ్చి నీతో చెప్పలేదా?"

"చెప్పింది. ఏడ్చింది కూడా. పొరపాటు జరిగిందమ్మా అని పంపించేశాను."

"నువ్వు జానెల్ దగ్గరికి వెళ్లలేదు."

"మంగళవారం ఓట్లు. ఆరు రోజులు ఆగు. అయ్యాక నేనే వెళ్లి చెప్తా."

"ఆరు రోజులూ నా మొహాన ఉమ్మేయమంటావా ఊరందర్నీ?"

"నిన్నెవరన్నారు?"

"జానెల్ అంది! నా బల్ల ముందు నిలబడి అంది. తనకు కడుపు కోత అయితే నాకు కాలక్షేపం అయిందట. పందొమ్మిదేళ్లలో ఒక్క మాట ఈ నోటి నుంచి జారలేదు గేలెన్. నీకూ తెలుసు."

గేలెన్ పక్కన పడేసి ఉన్న విడి చక్రం మీద కూర్చున్నాడు. "తెలుసు" అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు. "కానీ నీకు తెలియంది ఒకటుంది. ఈ రెండేళ్లలో నేను మూడు శవపేటికలు మోశాను. ముగ్గురూ పాతికేళ్ల లోపు వాళ్లే. ఒకడికి నేనే ట్రాక్టరు నేర్పా. వాళ్ల తల్లులు కూడా ప్రార్థన మనవులు రాశారు, నువ్వు చదివావు, మనం మోకాళ్ల మీద పడ్డాం. ఆ తర్వాత పేటిక మోశాం. పక్క కౌంటీ దాటి రెండు గంటలు వెళ్తే గానీ మత్తు మాన్పించే ఒక్క సెంటర్ లేదు మనకి. స్ట్రాట్‌మన్ ఇక్కడ పెట్టిస్తానంటున్నాడు. పొరుగువాణ్ణి ప్రేమించడమంటే చేతులు జోడించి కూర్చోవడమేనా?"

ఆ ముగ్గురి అంత్యక్రియల కరపత్రాలూ లోర్నాయే టైపు చేసింది.

"సెంటర్ పెట్టించు. నేనూ ఓటేస్తా. కానీ జానెల్ ఆ మాట స్ట్రాట్‌మన్‌కి చెప్పుకోలేదు కదా."

"దేవుడికి చెప్పుకున్నది దేవుడి జనానికి తెలిస్తే తప్పేంటి?"

"దేవుడికి తెలుసు కాబట్టి దేశానికంతా తెలియాలా?" లోర్నా నిలబడే ఉంది. "నువ్వు ఆదివారం బడిలో పదేళ్లు చెప్పావే పిల్లలకి, బైబిల్లో రాజు తన జనాన్ని లెక్కపెట్టించిన పాఠం. లెక్కపెడితే ఏం తప్పు, దేవుడు తెగులు ఎందుకు పంపాలి అని ప్రతి ఏడాదీ ఎవడో ఒక గడుగ్గాయి అడిగేవాడు. ఏం చెప్పేవాడివి?"

గేలెన్ తల వంచుకున్నాడు. "'తనవి కాని గొర్రెల్ని తనవని లెక్కేసుకున్నాడు' అనేవాణ్ణి."

"మరి?"

"రాజు వేరు. ఆయన గర్వానికి లెక్కపెట్టాడు. నేను మంచికి."

"ఆ రాజు కూడా అలాగే అనుకుని ఉంటాడు."

అతనికి కోపమొచ్చింది. లేచి వెళ్లి పనిముట్ల బల్ల మీదున్న ట్యాబ్ తీసుకొచ్చాడు. "ఇదిగో, వాళ్లకు వెళ్లిన పట్టిక, శనివారం గొడవ తర్వాత తెప్పించుకున్నా, నువ్వే చూడు. ఏదో దొంగతనం చేసినట్టు మాట్లాడుతున్నావు. ఇందులో ఒక్క చెడ్డ మాట లేదు. ఎవర్నీ ఎగతాళి చేయలేదు. ఇంటి పేరు, మనిషి పేరు, ఏ విషయం, ఎన్ని మనవులు. అంతే."

లోర్నా చూసింది. నిజంగానే శుభ్రంగా ఉంది, కిరాణా చీటీలా. ఒక ఇంటి ఎదురుగా 'వివాహం', ఒక ఇంటి ఎదురుగా 'గర్భం', వాస్లర్ల ఎదురుగా 'మత్తుమందు - కుమారుడు - చికిత్స'. ఈ మాటల్లో చాలావాటిని ఆమె ఆఫీసులో ఒంటరిగా కూర్చుని చదివింది. కొన్ని చదివి తలుపు గడియ పెట్టుకుని ఏడ్చింది. ఇక్కడ అవి అంగుళం వెడల్పు గళ్లలో ఒకదాని కింద ఒకటి పేర్చి ఉన్నాయి.

ఉన్నట్టుండి ఆమెకు ఇంకో సంగతి తట్టింది. మార్చిలో అనుమతి తీసుకున్నా, ఆ మిషన్ మూడేళ్ల మనవులనూ చదివేసింది. అంటే రోజలీ రాసినవి కూడా ఉంటాయి.

"సరే, చూశాలే. ఇక్కడ పెట్టు" అంది.

"అదేంటి? పూర్తిగా చూడు. నాకు దాపరికం లేదు. మా ఇల్లు కూడా ఉంటుంది ఇందులో, నేనేం తీయించలేదు. మోకాలి ఆపరేషన్‌కి ప్రార్థించమని రాశాగా, అదే ఉంటుంది." గేలెన్ వేలితో పట్టికను పైకి తోస్తున్నాడు.

"గేలెన్, వద్దు."

"ఎందుకొద్దు? ఇదిగో, ఇంగ్లీషు 'ఓ' అక్షరం వచ్చింది. ఆస్ట్రాండర్ గేలెన్, ఆరోగ్యం, ఒకటి. చూశావా? ఆస్ట్రాండర్..."

అతని వేలు ఆగింది.

'ఆస్ట్రాండర్ రోజలీ - విశ్వాసంలో సందేహం - 4.'

షెడ్డు పైరేకు మీద నుంచి నీళ్లు చినుకు చినుకుగా రాలుతున్నాయి. గేలెన్ ఆ వరుసను పెదవులు కదుపుతూ మళ్లీ చదివాడు.

"ఇది తప్పు. రోజలీకా? సందేహమా?" అన్నాడు. "మిషన్ పొరపాటు పడింది."

పొరపాటే అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. లోర్నా అనలేకపోయింది.

"నాలుగేంటి లోర్నా?"

"ఆ వరుస మీద నొక్కకు."

"నొక్కితే ఆమె రాసింది వస్తుందా?"

"వస్తుంది."

"నువ్వు చదివావు."

"చదివాను. పాస్టర్ చదివారు. ఇంకెవరికీ పంపలేదు."

గేలెన్ మొహం ఎర్రబడింది. "ఏడాదిన్నర! ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చుని తిన్నావు. ఆమె కుర్చీ పక్కనే కూర్చున్నావు. నా భార్య చివరి రోజుల్లో ఏ బాధ పడిందో నీకు తెలిసి, నాకు చెప్పలేదా?"

"చెప్పకపోవడమే నా పని."

"నేను ఆమె మొగుణ్ణి!"

"నీకు చెప్పొద్దని రాసింది గేలెన్."

ఆ మాట అనకుండా ఉండవలసిందని లోర్నాకు అన్న మరుక్షణమే అనిపించింది. ఇంతకాలం దాచిన దానిలో ఒక ముక్క జారిపోయింది. గేలెన్ నెమ్మదిగా మళ్లీ చక్రం మీద కూర్చున్నాడు. ట్యాబ్ అతని ఒళ్లో వెలుగుతూనే ఉంది.

"నలభై మూడేళ్లు" అన్నాడు. "రాత్రిళ్లు నేను పైకే ప్రార్థన చేసేవాణ్ణి, ఆమె నా చెయ్యి పట్టుకుని వినేది. చివర్లో తను చేసేది కాదు. నీరసం అనుకున్నా." గొంతు తగ్గింది. "నా గురించేనా? నేనేమన్నా చేశానా?"

"నీ గురించి కాదు. ఆమెకూ దేవుడికీ మధ్య సంగతి. ఇంతకు మించి నన్నడగకు."

"ఒక్క వేలు పెడితే తెలిసిపోతుంది."

"అవును."

"నన్ను ఆపవా?"

"నీ చేతిలో ఉంది. లాక్కునే బలం నాకు లేదు." లోర్నా ఒక్క అడుగు ముందుకు వేసి ఆగింది. "కానీ అది నీకు రాసిన ఉత్తరం కాదు."

గేలెన్ వేలు ఆ వరుస మీద ఎంతసేపు ఆగిందో లోర్నా లెక్కపెట్టలేదు. దూరంగా ధాన్యం గోదాముల వైపు ఒక లారీ వెళ్లిన చప్పుడు వచ్చి పోయింది. అతను పక్కనున్న మీట నొక్కాడు. ట్యాబ్ నల్లబడింది. దాన్ని బోర్లించి బల్ల మీద పెట్టి, పంపు దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. వీపు ఇటే ఉంది. భుజాలు కదులుతున్నాయి. లోర్నా కోత మిషన్ వంక చూస్తూ నిలబడింది.

తిరిగొచ్చి టోపీ పెట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"డ్వేన్ ఇంట్లోనే ఉంటాడా ఈ పూట?"

"ఉంటాడు. తడి నేల, అతనూ కోతకు వెళ్లడు."

"పద. నువ్వు చెప్పలేదని నా నోటితో చెప్తా. తర్వాత పెద్దల ముందు, ఆ తర్వాత సంఘం ముందు."

"మంగళవారం దాకా ఆగవా?"

"మంగళవారం సంగతి మంగళవారం."

వాస్లర్ల ఇంటికి కంకర రోడ్డు మీద పదిహేను నిమిషాలు. దారిలో ఒక్కసారి గేలెన్, "రోజలీ ఆఖరికి బాగానే ఉందా?" అని అడిగాడు. "ఉంది" అంది లోర్నా. అది అబద్ధమో కాదో ఆమెకే తెలియదు.

జానెల్ వరండా మెట్ల మీద కోటు వేసుకుని కూర్చుని ఉంది. లోర్నాను చూసి లేవబోయింది. గేలెన్ బండి దిగి టోపీ తీశాడు. సాకులు లేకుండా, ఎవరి మీదా తోయకుండా, జరిగిందంతా చెప్పాడు. మార్చిలో ఏం చేశాడో, శనివారం తెలిసి కూడా ఎందుకు నోరు మూసుకున్నాడో చెప్పాడు. "లోర్నా ఒక్కరికి కూడా చెప్పలేదు. చేసింది నేను. క్షమించమని అడగడానికొచ్చా. ఇప్పుడే క్షమించాలని లేదు" అన్నాడు.

జానెల్ అతన్ని చూడలేదు. లోర్నానే చూసింది. "నేనన్న మాటలు..." అని ఆగిపోయింది.

"తర్వాత మాట్లాడుకుందాంలే" అంది లోర్నా.

"తర్వాత అంటూ ఉంటే కదా. మా ఆయన ఏం చేశాడో అడుగు." జానెల్ గుమ్మం వైపు తల తిప్పింది.

డ్వేన్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. నాలుగు రోజుల గడ్డం పెరిగి ఉంది. "ఆలస్యంగా వచ్చావు గేలెన్" అన్నాడు. "మీ స్ట్రాట్‌మన్ నీకంటే మర్యాదస్తుడు. పొద్దున్న ఎనిమిదింటికే తనే ఫోన్ చేసి క్షమించమన్నాడు."

"ఫోన్ చేశాడా? నాకు చెప్పలేదే."

"ఆదివారం ఆరాధనలో అందరి ముందు నిలబడి నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు, కోడీ గురించి. ఆయన కూడా వస్తాడట. పాస్టర్ వెస్ ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నా."

"డ్వేన్, ఆ సాక్ష్యం నీది కాదయ్యా" అన్నాడు గేలెన్. "కోడీది."

"నువ్వా నాకు చెప్పేది?" డ్వేన్ ఒక మెట్టు దిగాడు. "నా కొడుకు సంగతి ముక్కూ మొహం తెలియని పిల్ల నా గుమ్మంలో నిలబడి నాకు చెప్పింది. అందరికీ తెలుసు, నాకు తప్ప. ఇప్పుడు నా నోటితో నేనే చెప్తా. ఇంకెవడూ నాకు చెప్పక్కర్లేదు. వాడు కూడా నా పక్కనే నిలబడతాడు."

జానెల్ చప్పున తిరిగింది. "వాడెలా నిలబడతాడు? వాడు సెంటర్లో ఉన్నాడు."

డ్వేన్ భార్య కళ్లలోకి చూడలేదు. "తీసుకురావడానికి స్ట్రాట్‌మన్ వాళ్లు బండి పంపారు, ఏం చెప్పాలో ఆదివారం లోగా వాడితో కూర్చుని రాసుకోవాలట. నాన్న రమ్మన్నాడని వాడికి చెప్పమన్నా. నేను రమ్మన్నానంటే వాడు ఆగడు."

"ఇవాళ పదకొండో రోజు!" జానెల్ వరండా కమ్మీ పట్టుకుంది. "ఇరవై ఎనిమిది రోజులు పూర్తికాకుండా గేటు దాటితే మళ్లీ చేర్చుకోరు డ్వేన్. ఆ మంచం కోసం ఆరు వారాలు తిరిగాను నేను."

డ్వేన్ మొహంలో రంగు మారింది. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"బండి ఎన్నింటికి బయల్దేరింది?" అని అడిగింది లోర్నా.

"తొమ్మిదిన్నరకి."

సెంటర్‌కు రెండు గంటల దారి. లోర్నా చేతి గడియారం చూసుకుంది. పదకొండుంపావు; బండి అక్కడికి చేరడానికి ఇంకా పావుగంట ఉంది. "సెంటర్ నంబరు చెప్పు జానెల్" అంటూ ఫోన్ తీసింది.